గీతలు పట్టే టార్చి

ప్రేమ కథల్లో అబ్బాయి పేరు మూడక్షరాలు దాటదు. జుట్టు గాలికి ఎగురుతుంది. చేతిలో పువ్వో గిటారో ఉంటుంది. ఈ కథలో అబ్బాయి పేరు మొగులయ్య. మార్చి రాద్దామంటే రేషన్ కార్డు ఒప్పుకోదు. జుట్టు ఎగరకుండా తలకు గుడ్డ కట్టుకుంటాడు, ఎందుకంటే అతని చుట్టూ ఎగిరేది గాలి కాదు, స్టీలు దుమ్ము. చేతిలో గ్రైండరు.

బొల్లారంలో మందుల కంపెనీలకు రియాక్టర్లు చేసిచ్చే వర్క్‌షాపులో అతని పని. రియాక్టరంటే మనుషులు లోపల నిలబడి తిరగగలిగేంత పెద్ద స్టీలు బిందె. షాపులో దాన్ని వెసెల్ అంటారు. పైన మనిషి దూరేంత రంధ్రం ఉంటుంది, అది మ్యాన్‌హోల్. వెల్డింగ్ వాళ్ల పని అయిపోయాక బఫింగ్ గ్యాంగు లోపలికి దిగి, గోడలకు మందు అంటుకోకుండా అద్దంలా పాలిష్ పట్టాలి. ఆ గ్యాంగులో మొగులయ్యది మంచి చెయ్యి. లోకానికున్న జబ్బు గరుకుతనం ఒక్కటే అనీ, దానికి మందు పాలిష్ ఒక్కటే అనీ అతని నమ్మకం. ఇంతకన్నా తక్కువ నమ్మకాలతో మంత్రులైన వాళ్లున్నారు.

రెండువేల ఏడు, వానాకాలం. మొగులయ్య వెసెల్ లోపల గోడకు గ్రైండరు ఆనించి ఉండగా ముఖం మీద నీలం వెలుగు పడింది. పైన మ్యాన్‌హోల్ నిండా ఒక హెల్మెట్, ఆ హెల్మెట్ అడుగున ఎక్కడో ఒక ముఖం.

"ఎవలది? లైటు మొఖం మీదికెల్లి తీయుండ్రి," అన్నాడు.

"జెర పక్కకు జరుగుండ్రన్నా. మీ ఎనక గోడ చూడాలె," అంది హెల్మెట్.

ఆడగొంతు. షాపులో ఆడగొంతు వినపడటం అదే మొదలు. అంతకన్నా ముందు అతనికి తగిలింది 'అన్నా' అన్న మాట. రోజూ వందమంది పిలిచే పిలుపే, ఆ పూట మాత్రం స్టీలు ముక్కలా గుచ్చుకుంది.

ఆమె పేరు జయశీల. మెటలర్జీలో డిప్లొమా. ఓనరు రాజారావుకు క్వాలిటీ సర్టిఫికెట్ కావలసి వచ్చింది. సర్టిఫికెట్ రావాలంటే క్వాలిటీ డిపార్టుమెంటు ఉండాలన్నారు. డిపార్టుమెంటు అన్నాక అందులో ఒక మనిషన్నా ఉండాలి కదా. అలా జయశీలకు స్టోర్ రూము పక్కన ఒక టేబులూ, పెద్ద తలకాయవాడెవరో వదిలేసి వెళ్లిన హెల్మెట్టూ, పటాన్‌చెరు రోడ్డు మీద కొన్న చైనా టార్చీ దక్కాయి. ఆ టార్చిలో నీలం ఎల్‌ఈడీ. దాని వెలుగులో పెళ్లికొడుకును చూపించినా ఊళ్లోవాళ్లు పాడె కట్టడం మొదలుపెడతారు.

ఆ రోజు ఆమె వెసెల్ గోడలన్నీ ఓపిగ్గా చూసింది. మొగులయ్య కింద నిలబడి, మా పాలిష్‌లో మొఖం చూసుకుని పౌడరు రాసుకోవచ్చు మేడం అని ఎగతాళి చేశాడు. నేను పౌడరు రాసుకోనని ఆమె టార్చి ఇంకో పక్కకు తిప్పింది. గీత కనపడలేదు, మచ్చ కనపడలేదు. పాస్ అని సంతకం పెట్టింది.

వెసెల్ కాజీపల్లిలోని కస్టమర్ దగ్గరికి వెళ్లి, వెళ్లిన లారీలోనే తిరిగొచ్చింది. వాళ్ల ఇన్‌స్పెక్టర్ తన టార్చి వేసి చూస్తే వెల్డింగ్ వెంబడి కాకకు వచ్చిన పసుపు చార అలాగే ఉంది, గోడల మీద గీతలున్నాయి.

రాజారావు జయశీలను షాపు నడిమధ్యకు పిలిచాడు. "ఇంకొక్క వెసెల్ వెనక్కి వచ్చిందంటే ఆ కుర్చీలో మా బావమరిది కొడుకు కూర్చుంటాడమ్మా," అన్నాడు. పసుపు చార ఉంచేసిన వెల్డర్లను ఎవరూ ఏమీ అడగలేదు. గీతలు పెట్టిన బఫింగ్ గ్యాంగునూ అడగలేదు. ఫ్యాక్టరీల్లో తప్పు చేసినవాడిది తప్పు కాదు, చూడలేకపోయినవాళ్లది తప్పు.

అమ్మాయి ఏడుస్తుందని షాపంతా పనులాపి చూసింది. ఆమె ఏడవలేదు. టేబుల్ దగ్గరికి వెళ్లి టిఫిన్ డబ్బా తీసి, టేబుల్ కింద చీకట్లో పెట్టి టార్చి కొట్టింది. దారిన పోతున్న మొగులయ్యను పిలిచి, ఇదేంది చెప్పుండ్రి అంది. అతను వంగి చూసి పెరుగన్నం అన్నాడు. డబ్బా బయటికి తీసింది. నిమ్మకాయ పులిహోర.

"పులిహోరనే పెరుగన్నం చేస్తది. ఇగ వెల్డింగ్ పసుపు ఏం చూపెడ్తది?" అంది. "నా కొలువు గీ టార్చి మింగేటట్టున్నది."

కొలువు పోతే ఏమవుతుందో కూడా అప్పుడే చెప్పింది. నాన్న సొలొమోను సంగారెడ్డిలో మిషన్ బడి పంతులు, చర్చిలో పెద్ద. ఉద్యోగం ఉన్నంతవరకు పెళ్లి మాట ఎత్తనన్నాడు. పోతే మాత్రం జహీరాబాద్ సంబంధం సిద్ధంగా ఉంది. ఆ పెళ్లికొడుకు చూడ్డానికొచ్చినప్పుడు అమ్మాయి చర్చిలో కీబోర్డు వాయిస్తుందా అని ఒక్కటే అడిగాడట. రాదంటే, నేర్చుకుంటుందిలెండి అని అతని తల్లే జవాబిచ్చిందట.

మొగులయ్యకు జహీరాబాద్ మీద ఆ క్షణం నుంచి అసహ్యం పుట్టింది. అతను ఎన్నడూ జహీరాబాద్ చూడలేదు.

కొత్త టార్చి కావాలని జయశీల పర్చేజ్ వాళ్లకు రాసిచ్చింది. వాళ్లు చాలా ఆలోచించి, అదే టార్చి ఎర్రరంగుది తెచ్చిచ్చారు.

"నాకియ్యుండ్రి మేడం. నేను బాగు చేస్త," అన్నాడు మొగులయ్య.

టార్చి ఎప్పుడన్నా విప్పాడా అంటే లేదు. కానీ ప్రేమలో పడ్డ మగవాడికి రాని పని ఉండదు, చేసేదాకా. ఆదివారం బస్సెక్కి కోఠి వెళ్లి, గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలన్నీ తిరిగాడు. నీలం కొట్టని, పసుపును పసుపుగా చూపే ఎల్‌ఈడీ కావాలని అడిగితే ఒక సేఠ్ కందిపప్పు గింజంత దాన్ని చిన్న బిళ్ళకు అతికించి ఇచ్చాడు. పాతది ఊడబీకి, ఇది పెట్టి, రెండు వైర్లు సోల్డరింగ్ చేస్తే సరిపోతుందన్నాడు. నిజంగానే సరిపోయేది. మొగులయ్య అక్కడ ఆగి ఉంటే.

టార్చి మూతి విప్పాడు. ముందు అద్దం వచ్చింది, దాని వెనక మెరిసే గిన్నె. ఆ గిన్నె నడుమ ఎల్‌ఈడీ కూర్చుంటుంది, దాని వెలుగును ముందుకు తోసేది ఆ గిన్నే. మొగులయ్య గిన్నెను వెలుతురుకు ఎత్తి చూసి పెదవి విరిచాడు. మెరుపు చాలలేదు. చేతిలో పాలిష్ చక్రం ఉన్నవాడికి ప్రపంచంలో ఏ మెరుపూ చాలదు. మైనం పట్టించి బఫ్ మీద పెట్టాడు. ఆ మెరుపు పెళ్లికూతురి మొఖం మీద పౌడరు కన్నా పలచనిదని అతనికేం తెలుసు. చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి మెరుపంతా లేచిపోయి, టీ కొట్టు గ్లాసు అడుగులా మసక ప్లాస్టిక్ మిగిలింది. ఇంకాస్త పాలిష్ పడితే మెరుపొస్తుందనుకుని ఇంకాస్త పట్టాడు.

సోమవారం జయశీల స్విచ్ నొక్కితే వెలుగు ఆమె చెప్పుల దాకా వెళ్లి అలిసిపోయింది.

"ఇది టార్చా అన్నా, అగరుబత్తా?" అంది. "ఏం చేసిండ్రు దీన్ని?"

"పాలిష్ పట్టిన," అన్నాడు మొగులయ్య.

ఆమె నవ్వింది. షాపులో చేరాక అదే మొదటి నవ్వు. హెల్మెట్ కళ్ల మీదికి జారితే వెనక్కి తోసుకుని మళ్లీ నవ్వింది. ఆ నవ్వు మళ్లీ వినిపిస్తుందంటే మొగులయ్య బొల్లారంలో ఉన్న టార్చిలన్నిటికీ పాలిష్ పట్టి గుడ్డివి చేసేవాడే.

రెండోసారి ఎక్కడో పాడైపోయిన పెద్ద టార్చి నుంచి లోతు గిన్నె సంపాదించాడు. పాలిష్ జోలికి పోకుండా దాన్నే బిగించాడు. మధ్యాహ్నం మబ్బు కమ్మి షెడ్డంతా చీకటిపడితే గేటు దగ్గర నిలబడి స్విచ్ నొక్కాడు. వెలుగు సూదిలా వెళ్లి ఎదుటి కంపెనీ నీళ్ల ట్యాంకు మీద పడింది. వెల్డర్లు వచ్చారు, లారీ డ్రైవర్లు వచ్చారు, వాచ్‌మన్ వచ్చాడు. తలా ఒకసారి చేతిలోకి తీసుకుని దూరం కొట్టి చూశారు. మగవాళ్లు టార్చిని ఎప్పుడూ ఎంత దూరం కొడుతుందో చూసే మెచ్చుకుంటారు. అంత దూరంలో చూడాల్సింది ఏముందని ఒక్కడూ అడగడు.

జయశీల టార్చి తీసుకుని వెసెల్‌లోకి దిగింది. కాసేపటికే కళ్లు తుడుచుకుంటూ పైకొచ్చింది. మొగులయ్య ఛాతీ పొంగిస్తూ ఎట్లుంది మేడం అని అడిగాడు.

"మస్తు దూరం కొడ్తది."

ఛాతీ ఇంకొంచెం పొంగింది.

"దూరం నాకెందుకు? నాకు చూడాల్సింది నా ముందల మూరెడు దూరంల ఉన్నది. గదే కనపడ్తలేదు."

ఆమె ముందు మూరెడు దూరంలో అప్పుడు నిలబడి ఉన్నది మొగులయ్య. ఆమె గోడ గురించి మాట్లాడుతోందనే అనుకున్నాడతను. ప్రేమ కథల్లో అబ్బాయిలకు తెలివి కొంచెం తక్కువే ఇస్తారు, లేకపోతే కథ రెండో పేజీలో అయిపోతుంది.

ఆమె అతన్ని కూడా వెసెల్‌లోకి దింపి చూపించింది. సూది వెలుగు అద్దంలాంటి గోడకు తగిలి తిరిగి కళ్లలోకే కొడుతోంది. దగ్గరగా పెడితే వెలుగు నడుమ గారె బొక్కలా నల్లటి రంధ్రం. ఎల్‌ఈడీ గిన్నెలో ఎంత ఎత్తున ఉండాలో అంత ఎత్తున లేదని ఆమే కనిపెట్టింది. ఆమెకు కావలసింది మబ్బు పట్టిన రోజు వెలుతురులాంటి వెలుగు. వెడల్పుగా, మెత్తగా, అంచుల్లేకుండా, బొక్కల్లేకుండా.

"మబ్బు లెక్క కావాల్నా?" అని మొగులయ్య బయట ఆకాశం కేసి చూశాడు. బొల్లారం వాన కవులకు పనికిరాదు. మట్టివాసన రాదు, మందు గోలీ కరిగిన వాసన వస్తుంది. అయినా ఆ రోజు రేకుల మీద పడుతున్న చప్పుడు అతనికి బాగుందనిపించింది.

ఎల్‌ఈడీని ఎత్తడం తేలిక. రాగి రేకు ముక్క కత్తిరించి బిళ్ళ కింద పెట్టాడు, రంధ్రం పూడింది. సోల్డరు గిన్నెకు తగిలి ఒకసారి పొగ లేచింది. కాగితం చక్రం కోసి నడుమ పెడితే అదీ సర్దుకుంది. మిగిలింది ముందున్న అద్దం. వెలుగు మెత్తబడాలంటే ఆ అద్దాన్ని గరుకు చెయ్యాలి.

మొగులయ్య సన్న ఎమరీ కాగితం నీళ్లలో తడిపి అద్దం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక గరుకును నునుపు చెయ్యడమే గానీ, నునుపును గరుకు చెయ్యడం అతను ఎరగడు. నిక్షేపంలాంటి అద్దం. గ్యాంగులో ఎవరన్నా చూస్తారేమోనని దొంగలా అటూ ఇటూ చూసి, కళ్లు మూసుకుని ఒక్క చుట్టు రుద్దాడు. అద్దం మీద మనిషి ఊపిరి పడినట్టు తెల్లటి పొగ. ఇంకో చుట్టు రుద్దాడు. ఒక ఆడపిల్ల కోసం మనిషి కులం వదులుకుంటాడు, ఊరు వదులుకుంటాడు. వృత్తి ధర్మం వదులుకోవడం అన్నిటికన్నా కష్టం.

బిగించి స్విచ్ నొక్కితే గోడంతా మెత్తటి వెలుగు పరుచుకుంది. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియలేదు. జయశీల టేబుల్ కింద టిఫిన్ డబ్బా మీద వేసి చూసింది. పులిహోర పులిహోరలాగే ఉంది. చాలాసేపు టార్చి అటూ ఇటూ తిప్పి, "థాంక్స్ మొగులయ్యా," అంది.

అన్నా అనలేదు. సాయంత్రం దాకా మొగులయ్య ప్రమోషన్ వచ్చినవాడిలా తిరిగాడు.

తర్వాతి వెసెల్‌ను చూడ్డానికి శనివారం కాజీపల్లి వాళ్లు రావాలి. జయశీల బుధవారమే కొత్త టార్చితో లోపలికి దిగింది. గోడకు ఏటవాలుగా వెలుగు పరిచి, ఎక్కడ గీత కనిపిస్తే అక్కడ మార్కరుతో గుండ్రం చుట్టింది. ఆమె పైకొచ్చేసరికి వెసెల్ అడుగుభాగమంతా గుండ్రాలతో ముగ్గేసినట్టుంది.

పాలిష్ పట్టేటప్పుడు ముతక కాగితంతో మొదలుపెట్టి వరసగా సన్న కాగితానికి రావాలి. నడుమ ఒక నంబరు కాగితం ఎగ్గొడితే ముతక గీతలు మెరుపు కింద అలాగే పడి ఉంటాయి. అడుగున వంగి చెయ్యాల్సిన చోట నడుం నొప్పికి ప్రతి గ్యాంగూ ఒక నంబరు ఎగ్గొడుతుంది. నీలం టార్చిలున్నంత కాలం ఆ సంగతి గ్యాంగుకూ దేవుడికీ తప్ప షాపులో ఎవరికీ తెలియదు. ఈ వెసెల్ అడుగున నంబరు ఎగ్గొట్టింది సాక్షాత్తు మొగులయ్యే.

గ్యాంగు కాంట్రాక్టరు వీర్రాజు గోదావరి జిల్లా మనిషి. వెసెల్‌కింత అని పని పట్టుకుంటాడు. మళ్లీ చెయ్యాలంటే అది ఉత్త చాకిరీ. గుండ్రాలు చూసి మొగులయ్యను పక్కకు పిలిచాడు.

"ఎవడన్నా తన గొయ్యి తనే తవ్వుకుని దానికి లైటు కూడా పెట్టుకుంటాడంట్రా?"

ప్రేమ నీది, రెక్కల నొప్పి మాదా అని యాదన్న అడిగాడు. యాదన్న గ్యాంగులో పెద్దవాడు, మోకాళ్లు పోయినవాడు. వీర్రాజు దగ్గర ఉపాయం ఉంది. రేపు ఆ పిల్ల చివరిసారి చూస్తుంది. ఈలోగా పాత నీలం దీపం పెట్టెయ్. పైపైన ఒక పట్టు పట్టి ఇచ్చేద్దాం. కనపడదు, సంతకం పెడుతుంది.

"కాజీపల్లోళ్లు చూస్తరు గదా," అన్నాడు మొగులయ్య.

చూస్తే ఆ పిల్ల కుర్చీ పోతుంది, మన గ్యాంగు పోదు కదా అన్నాడు వీర్రాజు. కాదంటే నువ్వు రేపటి నుంచి గ్యాంగులో ఉండవు అని కూడా అన్నాడు.

ఇక్కడ హీరో గొలుసులు తెంచుకోవాలి. మొగులయ్య తెంచుకోలేదు. స్విచ్ వదులైంది, బాగుచెయ్యమని జయశీల నమ్మి ఇచ్చిన టార్చిని విప్పాడు. కొత్త ఎల్‌ఈడీ తీసి చొక్కా జేబులో వేసుకుని, నీలంది పెట్టాడు. శనివారం మబ్బుంటుందిలే, వాళ్ల టార్చిలో సెల్స్ అయిపోయుంటాయిలే అని తనకు తానే చెప్పుకున్నాడు. పిరికివాడికి వచ్చినన్ని ఊహలు కవికి రావు.

గురువారం జయశీల వెసెల్‌లోకి దిగింది. లోపల వెలుగు వచ్చింది, వెంటనే ఆరింది. పైకొచ్చి మ్యాన్‌హోల్ అంచు మీద కూర్చుంది.

"టార్చిల దీపం ఎవలు మార్చిండ్రు?"

వీర్రాజు వెల్డింగ్ మిషన్ కేసి చూశాడు. యాదన్న తన మోకాళ్ల కేసి చూసుకున్నాడు.

"నేనే," అన్నాడు మొగులయ్య.

"ఎందుకు?"

"గ్యాంగుకు మళ్ల ఉత్తగ చెయ్యాల్సొస్తదని."

"గది నాకు చెప్తే అయిపోవు గదా. ఓనరుతోని నేను కొట్లాడుతుంటి." గొంతు పెంచలేదామె. "మొదటి వెసెల్ నాకు కనపడక పాస్ చేసిన. దీన్ని నువ్వు కనపడకుండ చేసి పాస్ చేపిస్తున్నవ్. జహీరాబాదోడు నయం మొగులయ్యా, వాడు కీబోర్డు రావాలని మొఖం మీదనే అడిగిండు."

టార్చి అతని కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయింది. పైపట్టుకు గుండ్రాలు చెరిగిపోయినా, గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆమెకు గుర్తున్నాయి. టార్చి లేకుండానే రిజెక్ట్ అని రాసిచ్చింది.

రాజారావు చిందులు తొక్కాడు. పాస్ చేసి వెసెల్ వెనక్కొస్తే ఆమెను తీసేస్తానన్నవాడు, ఫెయిల్ చేసినందుకు కూడా తీసేస్తానన్నాడు. జయశీల, శనివారం లోపల మళ్లీ పాలిష్ పట్టిస్తే చాలంది, గ్యాంగుకు కూలి మీరే ఇవ్వాలంది. ఓనరు కాంట్రాక్టరు ఇవ్వాలన్నాడు. కాంట్రాక్టరు ఓనరు ఇవ్వాలన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు గానీ వెసెల్ కేసి ఎవరూ చూడలేదు.

మొగులయ్య మాత్రం చూశాడు. టార్చి విప్పి, జేబులోంచి ఎల్‌ఈడీ తీసి, అందరి ముందరే మళ్లీ సోల్డరింగ్ చేశాడు. టార్చిని మ్యాన్‌హోల్ అంచు మీద పెట్టి, గ్రైండరు అందుకుని లోపలికి దిగాడు.

"దిగితే మళ్లీ గ్యాంగులోకి రాకు," అన్నాడు వీర్రాజు పైనుంచి.

లోపల గ్రైండరు మొదలైంది.

చాలాసేపు చీకట్లో తడుముకుంటూ చేశాడు. తర్వాత అతని ముందున్న గోడ మీద మెత్తటి వెలుగు పడింది. తల ఎత్తలేదు. ఎత్తితే వెలుగు పోతుందేమోనని భయం.

ఆ రెండు రోజులు వాళ్లిద్దరి మధ్య నడిచిన ప్రేమ సంభాషణ ఇది: ఎడమ. ఇంకొంచెం కింద. అయిందా? కాలేదు. ఇప్పుడు? ఇప్పుడు అయింది. బయట వాన, లోపల స్టీలు దుమ్ము. ఆమె కళ్లు గీతల మీద, అతని కళ్లు ఆమె చూపించిన చోట. జయశీల ఒక్క మాట అదనంగా మాట్లాడలేదు. శుక్రవారం మధ్యాహ్నం యాదన్న కూడా సన్న కాగితాలు పట్టుకుని కుంటుతూ లోపలికి దిగాడు. జాలితో కాదట, ఆ నంబరు ఎగ్గొట్టమని అప్పుడు చెప్పింది తనేనట.

శనివారం కాజీపల్లి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. తన టార్చి వేశాడు. జయశీల టార్చి అడిగి తీసుకుని దానితో మళ్లీ మొత్తం చూశాడు. ఏమీ దొరకలేదు. పాస్ చేసి, ఈ టార్చి ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. రాజారావు ముందుకొచ్చి, నాణ్యత మా రక్తంలోనే ఉందండీ అన్నాడు. పక్కనే ఉన్న బావమరిది కొడుకును పరిచయం చేశాడు. జయశీలతో మాత్రం, "నువ్వుండమ్మా, ఆ కుర్చీ నీదే," అన్నాడు. టార్చి పాడవకుండా ఇవాళ్టి నుంచి తన బీరువాలో పెట్టి తాళం వేస్తానన్నాడు. బీరువాలో ఉంటే నేను దేనితో చూడాలి సార్ అని ఆమె టార్చి వెనక్కి తీసుకుంది.

లారీ రివర్సులో వచ్చి నిలబడింది. క్రేన్ గొలుసులు వెసెల్‌కు తగిలించారు. మొగులయ్య తలగుడ్డ విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు. వీర్రాజు అన్న మాట మీద నిలబడే మనిషి. భానూర్ దగ్గర ట్యాంకులు చేసే షెడ్డులో పని ఉందని ఎవరో చెప్పారు. జయశీలకు పోయొస్త అని చెబుదామనుకున్నాడు. ఏ మొఖంతో చెబుతాడు? రెండు రోజులు వెలుగు పట్టిన మనిషి ఒక్కసారన్నా తన పేరు పిలవలేదు. గేటు దాకా వెళ్లాడు.

"క్రేన్ ఆపుండ్రి," అంది జయశీల. "ఒకటి మిగిలిపోయింది."

రాజారావు మొఖం నీలం టార్చిలో చూసినట్టయింది. "కస్టమర్ పాస్ చేశాడు కదమ్మా."

"నేను చెయ్యలే సార్. మొగులయ్యను పిలువుండ్రి."

మొగులయ్య గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి లోపలికి దిగాడు. ఛాతీ ఎత్తున గోడ మీద మార్కరుతో గుండ్రం చుట్టి ఉంది. పైనుంచి వెలుగు సరిగ్గా దాని మీద పడుతోంది. అరచేత్తో తడిమాడు. చెంప ఆనించి ఏటవాలుగా చూశాడు. ఊపిరి ఊది చూశాడు.

"ఇక్కడేం లేదు," అన్నాడు.

"మంచిగ చూడు."

"చూసిన. ఒక్క గీత గూడ లేదు."

"నాకు తెలుసు," అంది జయశీల.

మొగులయ్య ఇంకొకసారి తడిమాడు. ముందే చెప్పుకున్నాం కదా, తెలివి కొంచెం తక్కువ.

"ఏం లేని కాడ గుండ్రం గీసుడు నా కొలువుల ఇదే మొదటిసారి," అంది పైనుంచి. "ఎందుకు గీసినవని అడగవా?"

అతను గోడ మీది చెయ్యి తియ్యకుండా తల ఎత్తాడు. హెల్మెట్ లేదు. తడి జుట్టూ, రెండు కళ్లూ.

"నన్ను మాఫ్ చేసినవా?"

"లేదు. అది మెల్లగ సంపాదించుకోవాలె. భానూరు పోయినోడు ఎట్ల సంపాదిస్తడు?"

"ఇక్కడ నాకు గ్యాంగు లేదు. మీ నాయిన చర్చి పెద్ద. నేను చూస్తే మొగులయ్యను."

"మా నాయిన పంతులు. ఫెయిలైనోళ్లతోటి గూడ మళ్ల పరీక్ష రాపిస్తడు. రేపు ఆదివారం, ప్రార్థన అయినంక ఇంట్లనే ఉంటడు. వస్తవా?"

"వచ్చి ఏం చెప్పాలె?"

"టార్చి ఎందుకు విప్పినవో చెప్పు. మళ్ల ఎందుకు పెట్టినవో చెప్పు. రెండూ చెప్పు. ఒక్కటే చెప్తే నేనే బయటికి పంపిస్త."

మొగులయ్య గుండ్రం మీంచి చెయ్యి తీశాడు. "వస్త," అన్నాడు.

ఖాళీ స్టీలు బిందెలో మెల్లగా అన్న మాట కూడా గుడి గంటలా మోగుతుందని ఇద్దరికీ ఆ క్షణంలో గుర్తులేదు. బయట షాపంతా నిలబడి వింటోంది. క్రేన్ డ్రైవర్ మీట మీంచి చెయ్యి తీసేశాడు. యాదన్న తుడుచుకోవడానికి ఏమీ లేని చేతులు తుడుచుకుంటున్నాడు. వీర్రాజు బీడీ ముట్టించబోయి, సోమవారం పొద్దున్నే రమ్మని చెప్పండ్రా ఆడికి అని ఎటో చూస్తూ అన్నాడు. రాజారావు ఒక్కడికే ఏమీ అర్థం కాలేదు. అతనికి లారీ కనిపిస్తోంది, లారీ మీద ఉండాల్సిన వెసెల్ కింద కనిపిస్తోంది.

"ఇంతకీ పాసా, ఫెయిలా? ఏదో ఒకటి చెప్పమ్మా," అన్నాడు.

జయశీల మ్యాన్‌హోల్ దగ్గర్నుంచి లేచి టార్చి ఆర్పింది.

"వెసెల్ పాస్ సార్. లోపల మనిషే ఇంక పెండింగుల ఉన్నడు."